అట్లాంటిక్ దాటిన చేట

(చేతిపనుల చరిత్ర: 9వ భాగం)

1750ల్లో అమెరికా తూర్పు తీరాన చార్లెస్టన్ రేవులో హెన్రీ లారెన్స్ అనే వర్తకుడు ఉండేవాడు. వైన్, రమ్, చక్కెర అమ్మేవాడు. వీటన్నిటికంటే ఎక్కువ లాభం మనుషుల్ని అమ్మడంలో వచ్చేది. ఆఫ్రికాకు ఓడలు పంపే వ్యాపారులకు ఆయన రాసిన ఉత్తరాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఏ తీరం నుంచి తెచ్చిన మనుషులకు కరోలినాలో గిరాకీ ఉంది, ఎవరిని తెస్తే చేతులు కాలతాయి అన్నది వాటిలో తాపీగా లెక్కకట్టి ఉంటుంది. గాంబియా నది ప్రాంతం వాళ్లయితే ఇక్కడి భూస్వాములు ఎగబడి కొంటారని రాస్తాడు. 1760లో ఆయన సంస్థ వేసిన ఒక అమ్మకపు ప్రకటనలో, ఓడలో వచ్చిన బానిసలు ఎక్కడివాళ్లో కూడా అచ్చు వేయించారు. వాళ్లది 'వరి తీరం'.

వరి తీరం అంటే పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియాల నుంచి గినీ, సియెర్రా లియోన్ మీదుగా లైబీరియా దాకా ఉన్న నేల. యూరప్ వాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు. నైజర్ నది లోతట్టు డెల్టాలో ఆసియా వరితో సంబంధం లేకుండా వేరే వరి జాతిని అక్కడి రైతులు వేల ఏళ్ల కిందటే సాగులోకి తెచ్చారు. 15, 16 శతాబ్దాల్లో ఆ తీరానికి వెళ్లిన పోర్చుగీసు వాళ్లు ఆ పొలాల గురించి రాసిపెట్టారు. 1793-94లో శాండౌన్ అనే బానిస ఓడ కెప్టెన్ శామ్యూల్ గాంబుల్, 'బాగా' అనే తెగ రైతులు ఉప్పునీటిని గట్లు కట్టి ఆపి వరి ఎలా పండిస్తున్నారో చూసి ముచ్చటపడి తన ఓడ దినచర్యలో బొమ్మ గీసి మరీ రాసుకున్నాడు. ఆ రైతుల సాటివాళ్లను ఎక్కించుకుపోవడానికే వచ్చిన మనిషి ఆయన.

పోయిన వారం ఈజిప్టులోని ఫయూం దగ్గర ఆగాం. గెర్ట్రూడ్ కాటన్-థాంప్సన్ 1920ల్లో అక్కడ తవ్విన ధాన్యపు పాతర్లకు లోపలి గోడగా గడ్డిని చుట్టలు చుట్టి కుట్టిన బుట్టపని ఉందని, దాని వయసు ఆరు వేల ఏళ్ల పైమాటేనని చెప్పుకున్నాం. ఈ వారం చూడబోయేదీ అదే పనితనం. కాకపోతే ఈసారి అది సముద్రం దాటింది. దాటించినవాళ్ల కాళ్లకు సంకెళ్లున్నాయి.

ముందు పని ఎలా చేస్తారో చూద్దాం. మన చేట, గంప, తట్ట వెదురు బద్దల అల్లిక. నిలువు బద్దలు కొన్ని, అడ్డం బద్దలు కొన్ని, ఒకటి పైకి ఒకటి కిందికి పోతూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చుట్ట బుట్టలో అలా ఉండదు. నాలుగైదు గడ్డి పరకలను కలిపి ముడి వేస్తారు, అదే బుట్టకు అడుగు. ఆ ముడి చుట్టూ గడ్డి బొత్తిని జంతిక చుట్టినట్టు చుట్టుకుంటూ పోతారు. ప్రతి కొత్త చుట్టునూ దాని లోపలి చుట్టుకు సన్నటి ఆకు చీలికతో కుట్టేస్తారు. అందుకే సౌత్ కరోలినాలో ఈ పని చేసేవాళ్లను అడిగితే బుట్ట 'కుడుతున్నాం' అనే అంటారు.

కుట్టడానికి సూది ఉండదు. ఒక చెంచా ఉంటుంది. దాని గుంటభాగం విరిచేసి, కాడను సాన పట్టి కొస నున్నగా చేస్తారు. పూర్వం ఆవు పక్కటెముక ముక్కో, ఇనుప మేకో వాడేవాళ్లు. పాత అలవాటు కొద్దీ చెంచా కాడను కూడా చాలామంది 'ఎముక' అనే పిలుస్తారు. ఈ కొసను లోపలి చుట్టులో గుచ్చి సందు చేస్తారు. ఆ సందులోంచి పామెటో అనే తాటిజాతి చెట్టు లేత ఆకు చీలికను దూర్చి, కొత్త చుట్టు మీదుగా తిప్పి, బిగించి లాగుతారు. మళ్లీ గుచ్చుతారు, దూరుస్తారు, లాగుతారు. గడ్డి బొత్తి పలచబడుతున్న కొద్దీ రెండేసి, మూడేసి పరకలు మధ్యలోకి చొప్పిస్తూ పోవాలి. ఎప్పుడు చొప్పించారో చూసేవాళ్లకు తెలియకూడదు. అడుగు నుంచి అంచు దాకా బొత్తి లావు ఒకేలా ఉండాలి. బుట్ట గోడ లేవాలంటే కొత్త చుట్టును పాతదాని పక్కన కాకుండా కాస్త పైకి ఎక్కిస్తారు. ఎంత ఎక్కించాలన్నదానికి అచ్చు లేదు, కొలబద్ద లేదు, అంతా చేతి అంచనాయే. ఒక మాదిరి పెద్ద బుట్టకు వారాలు పడుతుంది, మరీ పెద్దవాటికి నెలలు పడతాయి.

ఇంగ్లిషు వాళ్లు కరోలినాలో స్థిరపడింది 1670లో. వాళ్లలో చాలామంది బార్బడోస్ దీవిలో చెరకు తోటలు వేసి, బానిసలతో పనిచేయించి అలవాటు పడినవాళ్లు. కొత్త నేలలో ఏం పండుతుందో వెతికారు. చివరికి 1690ల నాటికి వరి దగ్గర కుదురుకున్నారు. ఇంగ్లండ్‌లో వరి పండదు. వాళ్ల తాతముత్తాతలెవరూ నారుమడి చూసినవాళ్లు కారు. అయినా 1740 నాటికి చార్లెస్టన్ నుంచి ఏటా 4 కోట్ల పౌండ్లకు పైగా బియ్యం ఎగుమతయ్యేది. 1708 నాటికే ఆ వలసలో తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లు ఎక్కువ. నీళ్లలో మోకాళ్ల లోతున దిగి పనిచేసిన జనాభా ఎవరో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

పొలంలో పని ఎలా జరిగేదో చదువుతుంటే కృష్ణా, గోదావరి డెల్టాల్లో పుట్టినవాళ్లకు కొన్ని తెలిసినవే అనిపిస్తాయి, కొన్ని వింతగా ఉంటాయి. విత్తనాలు నీటి మీద తేలిపోకుండా బంకమట్టి నీళ్లలో కలిపి పూత పట్టించేవారు. వాటిని సాలులో వేసి, కాలితో మట్టి కప్పేవాళ్లు. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి సముద్రపు పోటుపాట్లనే నీటిపారుదలకు వాడుకోవడం మొదలైంది. పోటు వచ్చినప్పుడు నదిలో ఉప్పునీరు కింద, మంచినీరు పైన పొంగుతుంది. ఆ పైనీటిని తూముల ద్వారా పొలంలోకి వదిలి, పాటు వేళ బయటికి పంపేవారు. ఈ తూములకు తెల్లవాళ్లు 'ట్రంక్' అని పేరు పెట్టారు. తొలిరోజుల్లో అవి నిజంగానే తొలిచిన చెట్టు మొద్దులు, ఒక కొసన బిరడా. పశ్చిమ ఆఫ్రికా మడ అడవుల పొలాల్లో కూడా తొలిచిన మొద్దులనే తూములుగా వాడతారు.

కోత, నూర్పిడి అయ్యాక అసలు నరకం మొదలయ్యేది. 1780ల చివర్లో జొనాథన్ లూకస్ నీటిచక్రంతో నడిచే బియ్యం మిల్లు కట్టేదాకా వడ్లన్నీ రోట్లో దంచవలసిందే. పైన్ దుంగను తొలిచి చేసిన నిలువు రోలు, రెండు కొసలా దంచడానికి వీలైన రోకలి. పగలంతా పొలం పని చేసి వచ్చినవాళ్ల చేత తెల్లవారకముందు, పొద్దుగూకాక ఈ దంపుడు చేయించేవారు. మనుషులు దీని వల్ల చచ్చిపోతున్నారని అప్పటి భూస్వాములే రాసుకున్నారు. దంచేటప్పుడు గింజ విరగకూడదు, ఎందుకంటే ముక్క గింజకు యూరప్‌లో ధర రాదు. నిండు గింజలు ఓడెక్కేవి. నూకలు దంచినవాళ్ల కుండలోకి వచ్చేవి. చార్లెస్టన్‌లోని పెద్ద పెద్ద హోటళ్లు ఇవాళ ఆ నూకల వంటకాన్నే ఘనంగా వడ్డిస్తున్నాయి.

దంచాక చెరగాలి. చేట ఇక్కడ ప్రవేశిస్తుంది. దాదాపు రెండడుగుల అడ్డకొలత, పైకి లేచీ లేవనట్టున్న అంచు, గుండ్రటి పళ్లెం లాంటి బుట్ట. ఇంగ్లిషులో దానికి 'ఫ్యానర్' అని పేరు. మన చేటకు ముందువైపు తెరిచి ఉంటుంది, ఊక అటునుంచి జారిపోతుంది. ఫ్యానర్‌కు చుట్టూ అంచే. కాబట్టి ఎగరేసినప్పుడు గాలికి ఊక పోవాలి, గింజ తిరిగి బుట్టలోనే పడాలి. లేదా ఒక ఫ్యానర్‌ను తలమీది ఎత్తుకు లేపి, నేల మీద పెట్టిన రెండో దానిలోకి మెల్లగా వంచుతారు, మనవాళ్లు తూర్పారబట్టినట్టే. చెరిగేది ఆడవాళ్లు. బుట్టలు కుట్టేది మగవాళ్లు, అందులోనూ పొలం పనికి ఒళ్లు సహకరించని ముసలివాళ్లు. పని బుట్టలకు సముద్రపు బురద మేటల్లో పెరిగే ముతక తుంగ వాడేవారు. కుట్టుకు ఓక్ చెక్క చీలికలో, పామెటో కాడ నారో. చూడ్డానికి మోటు, కానీ ఏళ్ల తరబడి బరువు మోస్తాయి.

ఇది ఆఫ్రికా బుట్టే అని ఎలా చెబుతాం? అమెరికా ఆదివాసులకు బుట్టపని రాదా? వచ్చు, చాలా గొప్పగా వచ్చు. కానీ ఆ ప్రాంతపు చెరోకీ మొదలైన జాతులది నది రెల్లు బద్దలతో అల్లే పని, అంటే మన మేదరుల పనికి దగ్గర. యూరప్ వాళ్లకు చుట్ట బుట్ట తెలియదా? తెలుసు. గడ్డి చుట్టలతో తేనెటీగల గూళ్లు కట్టేవారు, రొట్టె పిండి పులియబెట్టే బుట్టలు చేసేవారు. కానీ వాళ్లకు వరి చెరిగే అలవాటు లేదు. చుట్టి కుట్టే పద్ధతి, వెడల్పాటి పళ్లెం ఆకారం, వడ్లు చెరిగే వాడుక మూడూ ఒకేచోట కనిపించేది పశ్చిమ ఆఫ్రికాలో. సెనెగల్‌లో వోలోఫ్, సెరేర్ ఆడవాళ్లు ఇవాళ్టికీ ఇలాంటి బుట్టలే కుడుతున్నారు. పామెటో నారకు బదులు రంగురంగుల ప్లాస్టిక్ చీలికలు వచ్చాయి, అంతే తేడా. సియెర్రా లియోన్ బుట్టలను, కరోలినా బుట్టలను కలిపి పెడితే విడదీయడం కష్టం. డేల్ రోజెన్‌గార్టెన్ అనే చరిత్రకారిణి జీవితమంతా ఈ బుట్టల వెంటే తిరిగారు. 2008లో రెండు ఖండాల బుట్టలనూ ఒకే గదిలో పెట్టిన ప్రదర్శన వెనక ఆమె శ్రమ ఉంది.

ఇక్కడ ఒక పెద్ద గొడవ ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1974లో పీటర్ వుడ్ అనే చరిత్రకారుడు కరోలినా వరి సాగు వెనక ఆఫ్రికన్ల పరిజ్ఞానం ఉందని గట్టిగా వాదించాడు. 2001లో జుడిత్ కార్నీ రాసిన పుస్తకం ఆ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. విత్తనం, నీటి పద్ధతి, దంపుడు, చెరగడం అన్నీ కలిసిన ఒక విజ్ఞానమే సముద్రం దాటిందని, దాన్ని మోసుకొచ్చిన వాళ్లలో ఆడవాళ్లు ముఖ్యులని ఆమె మాట. 2007లో డేవిడ్ ఎల్టిస్, ఫిలిప్ మోర్గన్, డేవిడ్ రిచర్డ్‌సన్ ముగ్గురూ బానిస ఓడల లెక్కలు ముందు పెట్టి దీన్ని కాదన్నారు. వరి నిలదొక్కుకున్న దశాబ్దాల్లో చార్లెస్టన్‌కు వచ్చినవాళ్లలో ఎక్కువమంది కాంగో, అంగోలా వైపు నుంచి వచ్చారు, అక్కడ వరి పెద్ద పంట కాదు, పెట్టుబడీ పథకమూ తెల్ల భూస్వాములవే అని వాళ్ల వాదన.

ఓడల లెక్కలు తప్పని నేననను. కానీ ఒక పొలానికి వంద మంది వస్తే అందులో వరి తెలిసినవాళ్లు వంద మందీ ఉండక్కర్లేదు, పదిమంది చాలు. మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు. పైగా కాంగో, అంగోలాల్లో కూడా చుట్ట బుట్టలు కుడతారు. కాబట్టి ఈ బుట్ట ఫలానా ఊరిదని, ఫలానా తెగదని వేలెత్తి చూపలేం. రకరకాల భాషల వాళ్లు ఒక గుడిసె ముందు కూర్చుని, వాళ్ల వాళ్ల చేతి అలవాట్లను కలబోసుకుంటే వచ్చిన బుట్ట ఇది. ఇంగ్లిషు భూస్వాముల లెక్కల పుస్తకాల్లో వాళ్లకు ధర మాత్రమే రాసి ఉంది, వాళ్లకు తెలిసిన విద్యకు పద్దు లేదు. ఆ పద్దు బుట్టలో ఉంది. నేను కార్నీ వైపే మొగ్గుతాను, కాకపోతే 'ఆఫ్రికా నుంచి యథాతథంగా వచ్చింది' అనే టూరిస్టు గైడు మాటను నమ్మను.

ఆ జనం నుంచే గల్లా ప్రజలు వచ్చారు. సౌత్ కరోలినా, జార్జియా తీరాల్లోని దీవుల్లో స్థిరపడ్డవాళ్లు. జార్జియా వైపు వాళ్లను గీచీ అంటారు. మలేరియా భయానికి వేసవంతా భూస్వాములు దీవులు వదిలి వెళ్లిపోయేవారు. వంతెనలు లేవు. 1808లో బానిసల దిగుమతి చట్టరీత్యా ఆగిపోయే ముందు, నాలుగేళ్లలో చార్లెస్టన్ రేవులో దాదాపు 40 వేల మందిని దింపారు. దాంతో ఆఫ్రికాలో పుట్టినవాళ్లు 19వ శతాబ్దం మధ్యదాకా వాళ్లలో కనిపించేవారు. భాష, వంట, పాట, బుట్ట నిలిచిపోవడానికి ఇవన్నీ కారణాలు. లోరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త 1930ల మొదట్లో జార్జియా తీరంలో అమీలియా డాలీ అనే ఆమె పాడిన పాట రికార్డు చేశాడు. పాడేవాళ్లకే అర్థం తెలియని పాట. అది సియెర్రా లియోన్‌లోని మెండే భాషలో చావు పాట అని తేలింది. ఇంకా అదే పాట గుర్తున్న పల్లె ఒకటి ఆ దేశంలో దొరికింది, 1997లో అమీలియా కూతురు మేరీ మోరాన్ అక్కడికి వెళ్లింది.

లారెన్స్ సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఆయన తర్వాత అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడై, కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1782లో పారిస్‌లో బ్రిటన్‌తో సంధి మాట్లాడడానికి వెళ్లిన అమెరికా బృందంలో ఉన్నాడు. ఎదురుగా బ్రిటన్ తరఫున కూర్చున్న రిచర్డ్ ఆస్వాల్డ్, సియెర్రా లియోన్‌లోని బన్స్ దీవి బానిస కోట యజమానుల్లో ముఖ్యుడు. ఆయన పంపిన మనుషుల్ని చార్లెస్టన్‌లో కమీషన్ మీద అమ్మిపెట్టింది లారెన్సే. పాత వ్యాపార మిత్రులిద్దరూ కూర్చుని ఒక దేశానికి స్వేచ్ఛ రాసిచ్చారు.

అంతర్యుద్ధం ముగిసి 1865లో బానిసత్వం పోయాక కరోలినా వరి కూడా మెల్లగా పోయింది. కూలి ఇవ్వకుండా పండించడానికి అలవాటుపడ్డ సాగు అది. లూసియానా, ఆర్కన్సాస్, టెక్సాస్‌లలో గట్టి నేలల మీద యంత్రాలతో వరి పండించడం మొదలైంది. కరోలినా బురదలో యంత్రాలు దిగబడిపోయేవి. 1893 తుఫాను దీవుల్ని ఊడ్చేసింది. 1911 తుఫాను మిగిలిన గట్లను తెంపేసింది. వరి పోయింది. చేటకు పనిలేదు. చాలా చేతిపనులు ఇలాంటి చోటే ఆగిపోతాయి, ఈ ధారావాహికలో ఇప్పటికే రెండు మూడు చూశాం.

బుట్ట ఆగలేదు. దానికి రెండు దారులు దొరికాయి. ఒకటి బడి. సెయింట్ హెలెనా దీవిలో, ఇంకా యుద్ధం నడుస్తుండగానే 1862లో విముక్తులైన నల్లవాళ్ల కోసం పెన్ స్కూల్ పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో ఆ బడి చేతివృత్తుల వైపు మళ్లినప్పుడు వడ్రంగం, కమ్మరం పక్కన దీవి బుట్టపనినీ చేర్చి మగపిల్లలకు నేర్పించారు. ఉద్దేశం మంచిదే. బుట్టలను ఉత్తరాది దాతలకు అమ్మారు కూడా. కానీ బడి గంట కొడితే నేర్చుకున్నది, బడి మూతపడ్డాక ఇంట్లో కొనసాగలేదు. 1948లో బడి ఆగింది, కొద్ది కాలానికే అక్కడ ఆ పనీ దాదాపు ఆగిపోయింది. (ఆ ప్రాంగణంలోనే 1960ల్లో మార్టిన్ లూథర్ కింగ్ తన సహచరులతో సమావేశాలు జరిపేవాడు. అది వేరే కథ.)

రెండో దారి చార్లెస్టన్‌కు కూపర్ నది అవతల ఉన్న మౌంట్ ప్లెజెంట్. అక్కడ విముక్తులైన కుటుంబాలు పాత తోటల పక్కనే చిన్న చిన్న భూమి చెక్కలు కొనుక్కుని, కూరగాయలు పండించుకుంటూ బతికేవి. అక్కడి ఆడవాళ్లు ముతక తుంగ వదిలేసి, ఇసుక దిబ్బల వెనక పెరిగే స్వీట్‌గ్రాస్ అనే సన్నటి గడ్డి పట్టుకున్నారు. ఎండితే లేత పసుపు రంగు, ఎండుగడ్డి తీపి వాసన. మధ్య మధ్యలో పైన్ సూదులు వేస్తే గోధుమరంగు చారలు వస్తాయి. చేటకు బదులు రొట్టెల పళ్లేలు, పూలబుట్టలు, కుట్టుపెట్టెలు చేశారు. 1916లో క్లారెన్స్ లెజర్టన్ అనే చార్లెస్టన్ పుస్తకాల వ్యాపారి ఈ బుట్టలను గుత్తగా కొని, దుకాణాలకూ, టపా ద్వారా దూరప్రాంతాలకూ అమ్మడం మొదలుపెట్టాడు. కుట్టినవాళ్లకు దక్కింది స్వల్పం, కానీ క్రమం తప్పకుండా దక్కింది. మగవాళ్ల పని ఆడవాళ్ల చేతుల్లోకి పూర్తిగా మారింది ఈ రోజుల్లోనే.

1929లో కూపర్ నది మీద వంతెన వచ్చింది. 17వ నంబరు హైవే మౌంట్ ప్లెజెంట్ మీదుగా పోయింది. ఉత్తరాది సంపన్నులు ఫ్లోరిడాకు కార్లలో వెళ్లే దారి అది. కొద్దికాలానికే ఎవరో ఒకామె ఇంటి ముందు రోడ్డు పక్కన కుర్చీ వేసి, దాని మీద బుట్టలు పెట్టింది. మొదట పెట్టింది మా ముత్తవ్వే అని చెప్పుకునే కుటుంబాలు అక్కడ ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, తగవు తీర్చే పని మనకెందుకు. తర్వాత కర్రలు పాతి, అడ్డం చెక్కలు వేసి, మేకులు కొట్టి బుట్టలు వేలాడదీసే బడ్డీలు వరసగా వెలిశాయి. ఎండలో ఆమె కుడుతూ కూర్చుంటుంది, కారు ఆగుతుంది, పిల్లలు పక్కనే కూర్చుని ముడి వేయడం నేర్చుకుంటారు. బడి గంట చేయలేని పని ఈ బడ్డీ చేసింది. దళారి లేకుండా డబ్బు నేరుగా చేతికందడం అందుకు సగం కారణమని నా అభిప్రాయం. ఒక పనిని సంస్కృతి పేరు చెప్పి నిలబెట్టడం కష్టం. ఆ పనితో పిల్లల ఫీజు కట్టగలిగితే అదే నిలుస్తుంది.

ఆ రోడ్డే తర్వాత ముప్పు తెచ్చింది. కార్లు వచ్చిన దారిలో బిల్డర్లూ వచ్చారు. హిల్టన్ హెడ్ దీవికి 1956లో వంతెన పడింది. అక్కడా, కియావా దీవిలోనూ గోల్ఫ్ మైదానాలు, రిసార్టులు, కాపలా గేట్ల వెనక కాలనీలు లేచాయి. స్వీట్‌గ్రాస్‌ను కొడవలితో కోయరు. వేళ్లు కదలకుండా పరకలను పిడికిట పట్టి లాగుతారు, మొక్క మళ్లీ చిగురిస్తుంది. మగవాళ్లు పొద్దున్నే వెళ్లి, పాములకు భయపడుతూనే దిబ్బల వెనక ఈ గడ్డి లాగి తెచ్చేవారు. ఆ దిబ్బలకు ఇప్పుడు యజమానులు ఉన్నారు. తరాలుగా గడ్డి తెచ్చుకున్న చోట అడుగు పెడితే అక్రమ ప్రవేశం. మరికొన్నిచోట్ల మరీ చోద్యం: అందానికి స్వీట్‌గ్రాస్ నాటారు, దాన్ని ముట్టుకోనివ్వరు. గడ్డి కోసం జార్జియా, ఫ్లోరిడా దాకా వెళ్లి తెచ్చుకోవడమో, తెచ్చినవాళ్ల దగ్గర కొనుక్కోవడమో చేయవలసి వచ్చింది. ముతక తుంగను మళ్లీ వాడడం మొదలైంది కూడా అందుకే. హైవేను వెడల్పు చేసినప్పుడల్లా బడ్డీలు జరిగాయి, కొన్ని పోయాయి. 1988లో బుట్టలవాళ్లు, వృక్షశాస్త్రవేత్తలు, భూముల యజమానులు చార్లెస్టన్‌లో కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కొన్నిచోట్ల గడ్డిని నాటి పెంచారు, కొందరు యజమానులు గేట్లు తెరిచారు. అవసరానికి అది చాలలేదు.

ఈలోగా గౌరవాలు వచ్చాయి. 1984లో మేరీ జేన్ మానిగాల్ట్‌కు అమెరికా ప్రభుత్వపు జానపద కళల జాతీయ పురస్కారం దక్కింది. 2006లో స్వీట్‌గ్రాస్ బుట్టను సౌత్ కరోలినా తన అధికారిక హస్తకళగా ప్రకటించింది. అదే ఏడు గల్లా-గీచీ తీరాన్ని జాతీయ వారసత్వ ప్రాంతంగా అమెరికా చట్టసభ గుర్తించింది. 2008లో మేరీ జాక్సన్‌కు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. నాలుగేళ్ల వయసులో అమ్మ, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న ఆమె న్యూయార్క్‌లో ఉద్యోగం చేసి 1972లో వెనక్కి వచ్చి మళ్లీ గడ్డి పట్టుకుంది. ఆమె బుట్టల్లో గడ్డి కొసలను కత్తిరించకుండా పైకి పొంగనిచ్చే పద్ధతి కొత్తది. కానీ ఆ కుట్టు పాతదే, చేటలో ఉన్నదే. ఆమె బుట్టలు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. రాష్ట్రం బిరుదులు ధారాళంగా ఇచ్చింది, గడ్డి పెరిగే నేలను మాత్రం ఇవ్వలేకపోయింది. 17వ నంబరు హైవే పక్కన భూమి ధరలు, పన్నులు పెరుగుతుంటే, వీలునామాలు లేకుండా తాతల నుంచి ఉమ్మడిగా వచ్చిన ఆ చిన్న చెక్కలు ఒక్కొక్కటిగా కుటుంబాల చేయి జారుతున్నాయి.

నార్త్, సౌత్ కరోలినాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. షార్లెట్, రాలీల నుంచి వారాంతాల్లో చార్లెస్టన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. బానిసలను దింపిన గాడ్స్‌డెన్ రేవు దగ్గరే 2023లో అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. ముందు అది చూడండి. తర్వాత ఊరి మధ్యలో ఉన్న సిటీ మార్కెట్‌కో, వంతెన దాటి 17వ నంబరు హైవే బడ్డీల దగ్గరికో వెళ్లండి. విదేశాల నుంచి దిగుమతైన, ఇలాంటివే అనిపించే బుట్టలు కూడా ఆ చుట్టుపక్కల అమ్ముతారు. కుడుతూ కూర్చున్న మనిషి దగ్గరే కొనండి, ఆమె పేరు అడిగి రాసుకోండి. ఎన్నాళ్లు పట్టిందని అడగండి, చెబుతుంది. ధర విని మన సంత అలవాటు కొద్దీ సగానికి అడక్కండి.

వచ్చే వారం: తేనీటి విందు కోసం పూలబుట్టలు అల్లిన జపాన్ వెదురు పనివాళ్లు.